ఎక్కడికీ పోని ఓడ

హైదరాబాద్ పాతబస్తీ యాకుత్‌పురాలో పాతతరం వాళ్ళకు ఓడ అంటే హజ్ ఓడే. నాంపల్లిలో రైలెక్కి బొంబాయి పోవాలి. అక్కడ ముసాఫిర్‌ఖానాలో కాగితాల కోసం పడిగాపులు పడాలి. ఆ తర్వాత జెడ్డా దాకా 2,300 నాటికల్ మైళ్ళ నీళ్ళు. బయల్దేరే ముందు అప్పులు తీర్చేవాళ్ళు, పాత తగాదాలకు మాఫీ అడిగేవాళ్ళు, గల్లీ గల్లీ తిరిగి సెలవు తీసుకునేవాళ్ళు. తిరిగి రావడం దేవుడి చేతిలో పని అనుకునే పోయేవాళ్ళు. 1995లో అక్బరీ అనే ఓడతో ఆ దారి మూతపడింది. ఇప్పుడన్నీ విమానాలే, శంషాబాద్‌లో ఎక్కితే అయిదారు గంటల పని.

మా పక్కింటి ఖాలా అత్తగారు అట్లా ఓడలో పోయి వచ్చిన మనిషి. అందుకే ఖాలా కొడుకు సింగపూర్ క్రూజ్ ప్యాకేజీ బుక్ చేశానని చెప్పినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట, "జానా కిధర్ హై?" ఎక్కడికీ లేదు, తిరిగి ఎక్కిన చోటే దిగుతామన్నాడు కొడుకు. "తో పైసే కాయ్‌కు దేనా?" అంది ఖాలా. ఉమ్రా ప్యాకేజీలు అమ్మే షాపులోనే ఈ క్రూజులూ అమ్ముతున్నారు. ఆ షాపువాడి దగ్గర కూడా ఈ ప్రశ్నకు సరైన జవాబు లేదు. కొడుకు, మనవళ్ళు వస్తున్నా ఖాలాకు చాలలేదు, తోడుకు మా అమ్మను లాగింది. అమ్మకు తోడు నేను. రంజాన్‌కు వాళ్ళింటి షీర్ ఖుర్మా, సంక్రాంతికి మా ఇంటి సకినాలు గోడ దాటుతున్నది నేను పుట్టకముందు నుంచి. కాబట్టి కలిసి పోవడంలో ఎవరికీ ఆశ్చర్యం లేదు.

మేం ఎక్కిన ఓడ పేరు గెంటింగ్ డ్రీమ్. సింగపూర్ మెరీనా బే క్రూజ్ సెంటర్‌లో దాని పక్కన నిలబడితే ఓడ కనబడదు, గోడ కనబడుతుంది. ఆ గోడ మీద జలకన్య, వ్యోమగామి ప్రేమకథ బొమ్మలుగా ఉంటుంది. షాంఘైలో పుట్టిన జాకీ త్సాయ్ అనే చిత్రకారుడు వేసింది. పొడవు 335 మీటర్లు. చార్మినార్ ఎత్తు 56 మీటర్లంటారు, ఆరు చార్మినార్లను ఒకదాని వెనక ఒకటి పడుకోబెడితే ఈ ఓడ అవుతుంది. పద్దెనిమిది అంతస్తులు, గదికి ఇద్దరి లెక్కన 3,352 మంది ప్రయాణికులు, సిబ్బంది ఇంకో రెండు వేల దాకా. లక్షా యాభై వేల టన్నుల పైచిలుకు అని రాసి ఉంటుంది, అది బరువు కాదు, లోపలి చోటుకు కొలత. ఆ కొలతలో టైటానిక్ నలభై ఆరు వేలు.

ఇంత చేసీ ఇది పెద్ద ఓడల్లో మొదటి వరసది కాదు. 2024 జనవరిలో మయామీ నుంచి మొదటిసారి ప్రయాణికులతో బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ద సీస్ కొలత 2,48,663. ఇరవై అంతస్తులు, ఏడు ఈతకొలనులు, కిక్కిరిస్తే 7,600 మంది, మధ్యలో నిజం చెట్లతో ఒక పార్కు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు కుటుంబంతో దానిమీద తిరిగి వచ్చాడు. వాడు పంపిన వీడియోలు చూసి అమ్మ, "అంత జనంలో పిల్లలు తప్పిపోతే ఎట్లా?" అని ఒక్క మాట అంది. మనవైపు చూస్తే 2022 జూన్‌లో కార్డేలియా వాళ్ళ ఎంప్రెస్ విశాఖపట్నం వచ్చింది, అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై తిప్పింది. అది 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన పాత ఓడ, గెంటింగ్ డ్రీమ్‌లో మూడో వంతు ఉంటుంది. మరుసటేడు విశాఖలో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఓడలు బాగా అలవాటైతే మనవాళ్ళు సింగపూర్ దాకా పోనక్కర్లేదు.

గెంటింగ్ డ్రీమ్ పుట్టుక నాకు నచ్చింది. సముద్రం పక్కన పుట్టలేదు. జర్మనీలో పాపెన్‌బుర్గ్ అనే లోపలి ఊళ్ళో మేయర్ వెర్ఫ్ట్ కార్ఖానాలో కట్టారు. అక్కడి నుంచి సముద్రానికి ఎమ్స్ అనే సన్నటి నది ఒక్కటే దారి. అందులోంచి ఓడను వెనక్కి నడిపిస్తూ, అంగుళం అంగుళం సరిచూసుకుంటూ తీసుకుపోతారు. తోక ముందుంటే అదుపు బాగుంటుందట. 2016లో అట్లా బయటపడింది. కట్టించిన గెంటింగ్ హాంకాంగ్ కంపెనీ కోవిడ్ దెబ్బకు 2022 జనవరిలో కుప్పకూలింది. అదే ఏడు జూన్‌లో రిసార్ట్స్ వరల్డ్ క్రూజెస్ అనే కొత్త కంపెనీ కింద ఈ ఓడ సింగపూర్ నుంచి మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. దీనికంటే పెద్దదాన్ని ఒకటి ఆ కూలిన కంపెనీ జర్మనీలోని విస్మార్‌లో సగం కట్టి వదిలేస్తే డిస్నీ వాళ్ళు కొనుక్కున్నారు.

ఎక్కగానే మొదటి పని ప్రాణభయం నేర్పడం. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే మీకు చెప్పిన చోట చేరాలి, లైఫ్ జాకెట్ ఇట్లా కట్టుకోవాలి. ఓడ బయల్దేరే ముందే, లేదా బయల్దేరగానే ఇది జరిగి తీరాలి. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా బండను కొట్టుకొని ఒరిగినప్పుడు అప్పుడే ఎక్కినవాళ్ళకు ఇంకా ఈ పాఠం చెప్పలేదు. ఆ తర్వాత నియమం బిగించారు. ఖాలా ఏడు కూతలనూ తస్బీహ్ పూసల మీద లెక్కపెట్టింది. ఎనిమిదోది పొడుగ్గా వచ్చినప్పుడు, "సహీ హై" అని సర్టిఫికెట్ ఇచ్చింది. చుట్టుపక్కల వాళ్ళంతా ఫోన్లు చూసుకుంటున్నారు.

ఇక వినోదాల సంగతి. పైఅంతస్తులో ఆరు నీటి జారుడుబండలు, తాళ్ళ వంతెనలు, సముద్రం మీదికి వేలాడుతూ జారే 35 మీటర్ల జిప్‌లైన్, ఎక్కే గోడ, చిన్న గోల్ఫ్, కింద బౌలింగ్, వెయ్యి మంది పట్టే జోడియాక్ థియేటర్. ఖాలా మనవళ్ళు పొద్దున జారుడుబండ దగ్గర కనిపిస్తే మళ్ళీ ఆకలేసినప్పుడే కనిపించేవాళ్ళు. నేను ఒక్కసారి జారాను. పైనుంచి దూకే ముందు అరక్షణం సముద్రం మొత్తం కంట్లో పడుతుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ గొట్టం, ముక్కులోకి నీళ్ళు. ఈ భాగం మన శివార్లలో ఉన్న ఏ నీటి పార్కులోనైనా దొరుకుతుంది, టికెట్ ఇంకా తక్కువ. థియేటర్‌లో విన్యాసాలు బాగున్నాయి. ఊగే నేల మీద అవి చేస్తున్నారన్న సంగతి గుర్తుపెట్టుకుంటే ఇంకా బాగుంటాయి. క్యాసినో రేవు దాటాకే తెరుస్తారు. దాని ముందు నుంచి నడిచిన ప్రతిసారీ అమ్మ, ఖాలా ఇద్దరూ కొంగు సర్దుకున్నారు, ఇద్దరూ లోపలికి తొంగి చూశారు.

తిండి దగ్గర మాత్రం నేను అనుకోనిది ఒకటి జరిగింది. ఈ ఓడలో లిడో అనే బఫే హాలుకు ఇస్లామిక్ దేశాల కూటమి ప్రమాణం ప్రకారం హలాల్ ధ్రువీకరణ ఉంది. శాకాహారం, జైన వంట కూడా వండుతారు. సింగపూర్ ఓడల్లో భారతీయులు ఎంతమంది ఎక్కుతున్నారో ఆ వంటలే చెబుతాయి. శుభకార్యాలకు పోతే అమ్మ మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటుంది. ఖాలా బయట ఊళ్ళలో గుడ్డు కూడా ముట్టదు. ఇన్నేళ్ళ స్నేహంలో వాళ్ళిద్దరూ ఒకే టేబుల్ దగ్గర అనుమానం లేకుండా ప్లేటు నిండా పెట్టుకొని తినడం నేను చూసింది అక్కడే, మలక్కా జలసంధి మధ్యలో. బిర్యానీ ఎట్లా ఉందని అడిగితే ఖాలా, "బిర్యానీ కాదు బేటీ, అన్నం. మంచి అన్నం" అంది. చాయ్ మాత్రం ఆమెకు కుదరలేదు, దుకాణాలు ఎన్ని ఉన్నా గల్లీ మొగదల హోటల్ లేని ఊరు ఊరు కాదట. చివరికి పాలు వేరుగా, డికాషన్ వేరుగా తెచ్చుకొని తానే కలుపుకుంది.

మొదటి సాయంత్రం ఇంకో సమస్య వచ్చింది. నమాజుకు కిబ్లా, అంటే మక్కా దిక్కు, ఎటు? ఇంట్లో గోడ కదలదు కాబట్టి ఒకసారి తెలుసుకుంటే చాలు. ఇక్కడ ఇల్లే తిరుగుతోంది. ఖాలా కొడుకు ఫోన్‌లో దిక్సూచి పెట్టాడు, ఇనుము మధ్యలో అది ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి చెప్పింది. అప్పుడు గోడ మీది మ్యాపు ముందు కూర్చొని లెక్క కట్టాం. జలసంధి ఆగ్నేయం నుంచి వాయవ్యానికి పోతుంది. మక్కా అక్కడి నుంచి పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. అంటే మధ్యలో మేం ఆగే పెనాంగ్ వైపు పోతున్నంతసేపూ ఓడ ముక్కు చూపే దిక్కుకు కాస్త ఎడమగా నిలబడితే చాలు. వచ్చేటప్పుడు ఓడ తోక వైపు, ఈసారి కూడా కొంచెం సర్దుకొని. లెక్క తేలాక ఖాలా ముఖం చూడాలి. ఎక్కడికీ పోని ఓడ కనీసం సగం దారి అటు మొహం పెట్టి పోతోందన్నమాట.

నేను అసలు చూడాలనుకున్నది వేరే. యాకుత్‌పురా నాలా పక్క బస్తీల్లో పెరిగినవాళ్ళు ఏ కొత్త ఊరికి పోయినా ముందు నేల వాలు చూస్తారు. వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి, మురుగు ఎక్కడ కలుస్తుంది, గుమ్మం ఎంత ఎత్తు పెట్టారు? 2020 అక్టోబర్ వానల్లో పాతబస్తీ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పటి నుంచి ఇది మాకు ఇంకా ముదిరింది. అయిదు వేల మంది ఒక ఇనుప డబ్బాలో ఉంటున్నారు. పొద్దున్నే అందరూ ఒకేసారి స్నానాలు చేస్తున్నారు. ఆ నీళ్ళు ఎక్కడివి, పోయేది ఎక్కడికి?

దీనికి జవాబు ఒక కుర్రాడి దగ్గర దొరికింది. డెక్ మీద మా తెలుగు విని ఆగాడు. శ్రీకాకుళం జిల్లా సముద్రం ఒడ్డు ఊరట, కింద చెత్త గదిలో పని. "అక్కా, అందరూ పైన ఏటుందో అడుగుతారు, కింద ఏటుందో అడిగినోళ్ళు మీరే" అన్నాడు. ఇలాంటి ఓడల్లో మంచినీళ్ళు చాలావరకు సముద్రపు నీళ్ళే. ఇంజిన్ల నుంచి వృథాగా పోయే వేడితో గాలి ఒత్తిడి తగ్గించిన పాత్రల్లో ఆ నీళ్ళను తక్కువ వేడికే మరిగించి ఆవిరి పట్టుకుంటారు. చాలకపోతే జల్లెడలాంటి పొరల్లోంచి గట్టి ఒత్తిడితో తోసి ఉప్పును ఆపుతారు. మరుగుదొడ్లలో గాలి పీల్చుకుపోయే ఏర్పాటు ఉంటుంది, ఒక్కసారికి లీటరు నీళ్ళు చాలు. మన ఇళ్ళలో ఆరేడు లీటర్లు పోస్తాం. ఆ చప్పుడుకు అమ్మ మొదటిరోజు బయటికి పరుగెత్తుకొచ్చింది.

మురుగు విషయంలో ప్రపంచ ఓడలన్నిటికీ మార్పోల్ అనే ఒప్పందం ఉంది. శుద్ధి చేయని మురుగును తీరానికి పన్నెండు నాటికల్ మైళ్ళ లోపల వదలకూడదు. ముక్కలు చేసి క్రిములు చంపితే మూడు మైళ్ళ అవతల. ప్లాస్టిక్ అయితే ఎంత దూరం పోయినా ఒక్క ముక్క కూడా సముద్రంలో పడకూడదు. అందుకే కింద గదిలో మనుషులు కూర్చొని చెత్తను చేత్తో విడదీస్తారు. గాజు పొడి అవుతుంది, డబ్బాలు అణగదొక్కిన దిమ్మలవుతాయి, కాగితం కాలుతుంది, మిగిలిన తిండి గుజ్జవుతుంది. మనం ప్లేట్లో వదిలేసిన రొయ్య తల కూడా ఎవరో ఒకరి చేతిలోంచి పోతుంది. లిడోలో ప్లేట్లు కొండల్లా నింపుకొని సగం వదిలేసేవాళ్ళను చూస్తే ఆ తర్వాత నాకు చిరాకేసింది. వాళ్ళల్లో మావాళ్ళూ ఉన్నారు.

మొహల్లాకు ఉండాల్సినవన్నీ కింద ఉన్నాయని ఆ కుర్రాడి మాటల్లో అర్థమైంది. దర్జీ, చాకిరేవు, ఆసుపత్రి, వడ్రంగి, జైలులాంటి ఒక గది. సిబ్బంది గదులు చాలావరకు నీటిమట్టానికి దగ్గరగానో కిందో ఉంటాయి, కిటికీలు ఉండవు. ఒక్కో కాంట్రాక్టు ఆరు నెలలు, తొమ్మిది నెలలు. వాళ్ళు వచ్చింది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, భారత్, చైనా నుంచి. పైన ప్యాలెస్ అని ఇంకో ఓడ ఉంది, ఈ ఓడలోనే: పెద్ద సూట్లు, ప్రత్యేక ఈతకొలను, ప్రత్యేక హోటల్, మిగతావాళ్ళకు తలుపు తెరుచుకోదు. దాని కింద బాల్కనీ గదులు, ఆ కింద లోపలి గదులు, అన్నిటి కింద వీళ్ళు. దేవిడీలో ఎవరు ఏ వాకిలి దాకా రావచ్చో తెలిసిన ఊరివాళ్ళం కాబట్టి మాకు ఈ ఏర్పాటు వింతేమీ కాదు. వింతల్లా దాన్ని ఇంత నిటారుగా పేర్చడం.

రాత్రి డెక్ మీద నిలబడితే జలసంధి నిండా దీపాలు. ఇక్కడ ఓడలకు రోడ్ల మాదిరే పోయే దారి, వచ్చే దారి గీసి ఉంటాయి. చమురు ఓడలు, కంటైనర్ ఓడలు ఒకదాని వెనక ఒకటి. వినోదానికి పోతున్నది మాది ఒక్కటే అనిపించింది.

ఇదే నీళ్ళ మీద ఇంకో ఓడ నడిచింది. పేరు రజూలా. 1926లో గ్లాస్గోలో కట్టారు, మద్రాసు, నాగపట్టణం నుంచి పెనాంగ్, సింగపూర్ దాకా 1970ల మొదట్లో కూడా తిరిగింది. దాని కొలత 8,478 టన్నులు, అంటే మా ఓడలో పదిహేడో వంతు కన్నా తక్కువ. అందులోనే అయిదు వేల మందికి పైగా డెక్ ప్రయాణికులను ఎక్కించే లైసెన్సు దానికి ఉండేది. చాప పరుచుకున్నంత మేరే చోటు. మలయా రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు తమిళులతో పాటు మన తెలుగు కూలీలూ ఇట్లాంటి ఓడల్లోనే పోయారు. 1938లో భారత ప్రభుత్వం కూలీలను అట్లా పంపడం ఆపేసింది. అప్పటికే పెరాక్‌లో బగాన్ దతో వైపు తెలుగు ఊళ్ళు నిలిచిపోయాయి, 1955లో మలయా ఆంధ్రులు ఒక సంఘం కట్టుకున్నారు. మేం పరుపు మీద పడుకొని, బాల్కనీ తలుపు వేసుకొని, ఆ ఊళ్ళ ముందు నుంచే పోయాం. ఈ ముక్క ఓడలో ఎవరూ చెప్పరు. జారుడుబండ ఏ టైముకు మూస్తారో చెబుతారు.

పెనాంగ్‌లో స్వెట్టెన్‌హామ్ రేవు నుంచి ఊరి నడిబొడ్డుకు నడిచే పోవచ్చు. ఓడ దిగగానే బస్సు టూర్లవాళ్ళు చుట్టుముడతారు. దండం పెట్టి నడవడం మంచిది. జార్జ్ టౌన్ సందులు మా ముగ్గురికీ వెంటనే చదువుకున్న పుస్తకంలా అర్థమయ్యాయి. 1801 నాటి కపితాన్ కెలింగ్ మసీదు, భారత ముస్లిం వ్యాపారులు కట్టించింది. కొద్ది అడుగుల దూరంలో క్వీన్ స్ట్రీట్ మీద 1833 నాటి మహామారియమ్మన్ కోవెల. మధ్యలో పూలదండలు, చీరల కొట్లు, బంగారు దుకాణాలు, నసి కందర్ అమ్మే హోటళ్ళు. ఖాలా మసీదుకు, అమ్మ కోవెలకు పోయారు. నేను రెండింటి మధ్య ఒక గట్టు మీద ఇద్దరి చెప్పులకూ కాపలా కూర్చున్నాను, హైదరాబాద్‌లో కూడా నా పని ఎప్పుడూ ఇదే. తర్వాత జాజికాయ పచ్చడి కొట్టు దగ్గర ఖాలా బేరం మొదలుపెట్టింది. కొట్టతను తమిళం, ఆమె దక్కనీ. రేటు తెగింది ఎట్లాగో నాకు తెలియదు, అమ్మకు కూడా అదే రేటుకు ఇప్పించింది.

సాయంత్రం నాలుగైనా కాకముందే అందరూ తిరిగి ఓడ వైపే ఉరుకుతున్నారు. అంత ఊరు ముందుండగా! ఆకలి తీరలేదా అంటే అదీ కాదు. ఊరు అలిసిపోయేంత నిజంగా ఉంటుంది, ఎండ ఉంటుంది, కాలువ వాసన ఉంటుంది. ఓడలో అవేవీ ఉండవు. రేవులు ఇక్కడ సాకులు మాత్రమే. ఓడ కట్టినవాళ్ళు కోరుకున్నదీ అదే, మనిషి ఖర్చు ఓడలోనే జరగాలని. వైఫైకి వేరు, కొన్ని హోటళ్ళకు వేరు, ఫోటోకు వేరు, రాత్రికింత సర్వీసు చార్జీ వేరు. టికెట్ ధర చూసి లెక్కలు వేసుకునేవాళ్ళు ఇవి ముందే అడిగి పెట్టుకోవాలి. గది విషయంలో నా మాట వింటే లోపలి గది తీసుకోండి. పడుకోవడానికి తప్ప ఎవరూ గదిలో ఉండరు, బాల్కనీ నుంచి కనబడే సముద్రమే డెక్ మీద ఉచితం.

ఆఖరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. తెల్లారేసరికి అవి రేవులో వరసలు కట్టి ఉంటాయి. పొద్దున వేలమంది దిగుతారు, మధ్యాహ్నానికి ఇంకో వేలమంది ఎక్కుతారు. ఆ కొన్ని గంటల్లో అన్ని పక్క దుప్పట్లూ మారాలి, లారీల్లో కూరగాయలు ఎక్కాలి, విడదీసిన చెత్త దిగాలి. ఆ కుర్రాడు చెప్పినట్టు, "మీకు సెలవు అయిపోయిన రోజే మాకు పండగ రద్దీ అక్కా." వెళ్ళే ముందు అతన్ని చూద్దామనుకున్నాం, ఆ రోజు అతను పైకి వచ్చే వీలే లేదు.

టాక్సీ కోసం నిలబడ్డ చోట ఎక్కేవాళ్ళ వరస అప్పుడే మొదలైంది. అందులో ఒక కుటుంబం హైదరాబాద్ వాళ్ళే, టోలీచౌకీ. ముసలామె చక్రాల కుర్చీలో ఉంది. ఖాలా నేరుగా ఆమె దగ్గరికి పోయి సలాం చెప్పి, పాలు, డికాషన్ విడిగా అడగమంది. జాతే వఖ్త్ ఓడ ముక్కుకు కొంచెం ఎడమకు, ఆతే వఖ్త్ తోక వైపు అని చేయి చాచి చూపించింది. ఫోన్‌ను నమ్మొద్దంది. ముసలామె అంతా విని, "పోయేది ఎక్కడికి?" అని అడిగింది. మా టాక్సీ వచ్చేసింది.